ఏలీ తండ్రిగా ఓడాడా, యాజకుడిగానా?

పిల్లల పెంపకం మీద ప్రసంగించాల్సి వచ్చినప్పుడల్లా మన బోధకులు షిలోహు ముసలి యాజకుణ్ణి తీసుకొచ్చి బోనెక్కిస్తారు. ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు చెడిపోయారు, తండ్రి గారాబమే అందుకు కారణం, కాబట్టి బెత్తం దాచకండి అంటారు. పాఠం అక్కడితో అయిపోతుంది. సమూయేలు మొదటి గ్రంథంలో మొదటి నాలుగు అధ్యాయాలు నెమ్మదిగా చదివితే ఈ పాఠం నిలవదు. దేవుడు ఏలీ మీద మోపిన నేరం వేరు.

ఆ నేరం ఏమిటన్న దాని మీద ఒక మామయ్యకీ మేనకోడలికీ నడిచిన వాదన ఇది. మామయ్య గుంటూరు ప్రాంతంలో లూథరన్ పాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మేనకోడలు వకీలు. ఆదివారాలు సండే స్కూల్లో పెద్దపిల్లలకు పాఠం చెబుతుంది. ఏలీ పాఠం తన వంతుకు వచ్చింది. నా మొగ్గు అమ్మాయి వైపే, దాచను. కానీ ఆయన చెప్పినవాటిలో కొన్ని తోసిపుచ్చలేనివి ఉన్నాయి. వాటిని తగ్గించకుండా రాశాను.

మేనకోడలు: మామయ్యా, పాఠం పుస్తకంలో ఏలీని గారాబం చేసిన తండ్రి అన్నారు. అలా చెప్పమంటే నా వల్ల కాదు. ఆయన కొడుకులు గుడికి వచ్చినవాళ్ల దగ్గర బలి మాంసం దౌర్జన్యంగా లాక్కున్నారు. గుమ్మం దగ్గర సేవ చేసే స్త్రీలను లోబరుచుకున్నారు. ఇవి నేరాలు. వీటిని గారాబం కింద జమకడితే ఆ స్త్రీలు ఏమైపోవాలి?

మామయ్య: నీ కోపం న్యాయమైనదే తల్లీ. కానీ ఆ కోపం కొడుకుల మీద ఉండాలి. నువ్వు తండ్రి మీదికి పోతున్నావు. ఆయన పండు ముసలివాడు, చూపు కూడా మందగించింది. కొడుకుల సంగతి విని ఊరుకున్నాడా? పిలిచి మందలించాడు. మనిషికి మనిషి తప్పు చేస్తే తీర్చడానికి దేవుడున్నాడు, దేవుడికే తప్పు చేస్తే మీ పక్షాన ఎవరు నిలబడతారని అడిగాడు. యాజకుడి నోట అంతకంటే బరువైన మాట ఏముంటుంది? వాళ్లు వినలేదు. ఎందుకు వినలేదో కూడా గ్రంథంలోనే రాసి ఉంది. వాళ్లను చంపాలని దేవుడు అప్పటికే తలచాడు. దేవుడు తలచాక తండ్రి చేయగలిగింది ఏముంది?

మేనకోడలు: దానికి వస్తాను. ముందు ఏం జరిగిందో వరసగా చూద్దాం. ధర్మశాస్త్రం యాజకుణ్ణి పస్తు పెట్టలేదు. సమాధానబలి పశువులో బోర, కుడి జబ్బ యాజకుల వంతు. కొవ్వు మాత్రం ముందుగా బలిపీఠం మీద కాలాలి, అది దేవుడి వంతు. లేవీయకాండము మూడు, ఏడు అధ్యాయాల్లో ఇదంతా స్పష్టంగా ఉంది. షిలోహులో ఏం చేశారు? మాంసం ఉడుకుతుండగా యాజకుడి పనివాడు మూడు ముళ్ల కొంకి పట్టుకుని వచ్చేవాడు. కాగు అనకుండా, కుండ అనకుండా గుచ్చి, పైకి వచ్చిందంతా పట్టుకుపోయేవాడు. అదీ చాలక, కొవ్వు కాల్చకముందే పచ్చి మాంసం ఇమ్మనేవాడు.

అక్కడ పేరు కూడా రాయని ఒక మనిషి ఉన్నాడు. నాకు ఆ కథ మొత్తంలో ఆయనే పెద్దమనిషిగా కనిపిస్తాడు. ముందు కొవ్వు కాలనివ్వండి, ఆ తర్వాత మీకు కావలసినంత తీసుకోండి అన్నాడు. తన వంతు పోతోందని ఏడవలేదు, దేవుడి వంతు గురించి అడిగాడు. ఇప్పుడే ఇవ్వు, లేదంటే బలవంతాన తీసుకుంటాం అన్నది ఆయనకు దొరికిన జవాబు. బలి తెచ్చిన మామూలు మనిషికి ధర్మశాస్త్రం గుర్తుంది. దాన్ని నేర్పాల్సిన ఇంటివాళ్లకు అక్కర్లేదు. చివరికి దేవుడికి అర్పణ తేవడమంటేనే జనానికి అసహ్యం పుట్టింది. ఆ స్థితి ఒక్క రోజులో వచ్చేది కాదు, ఒకరిద్దరు బాధపడితే వచ్చేదీ కాదు.

మామయ్య: ఒప్పుకుంటాను. అయితే కొంకి పట్టుకున్న చెయ్యి ఏలీది కాదు. ఇంకో సంగతి కూడా విను. స్త్రీల గురించిన ఆ మాట మృతసముద్రం గుహల్లో దొరికిన సమూయేలు గ్రంథపు ప్రతిలో లేదు. గ్రీకు అనువాదపు పాత ప్రతుల్లోనూ కొన్నిటిలో కనబడదు. తర్వాతి కాలంలో ఎవరో చేర్చారని కొందరు పండితుల అభిప్రాయం. తల్మూదులో ఒక రబ్బీ అసలు ఏలీ కొడుకులు ఆ పాపమే చేయలేదన్నాడు. కాన్పు తర్వాత శుద్ధి కోసం స్త్రీలు తెచ్చిన పక్షుల బలిని వాళ్లు ఆలస్యం చేశారట. దాంతో ఆ తల్లులు వేళకు ఇళ్లకు, భర్తల దగ్గరికి వెళ్లలేకపోయారట. గ్రంథం ఆ నిర్లక్ష్యాన్నే అంత పెద్ద పాపంగా లెక్కకట్టిందని ఆయన వివరణ. ఇన్ని మాటలున్నప్పుడు నువ్వు అంత గట్టిగా తీర్పు చెప్పకూడదు.

మేనకోడలు: సరే, ఆ వాక్యాన్ని పక్కన పెట్టి వాదిస్తాను. కొంకి ఒక్కటి చాలు నాకు. దేవుడి వంతు దోచారు, అడిగినవాణ్ణి బెదిరించారు. కేసు అక్కడే నిలుస్తుంది. కానీ మీరు చెప్పిన రబ్బీ మాటలో నాకు ఇంకొకటి కనిపిస్తోంది. పెద్దింటి బిడ్డలు చేసిన తప్పును తగ్గించి చెప్పాలన్న తాపత్రయం నిన్నమొన్నటిది కాదు. మన తెలుగు బైబిల్లో ఆ వాక్యం ఉంది. పాఠాల్లో మాత్రం దాన్ని దాటేసి పోతాం.

ఏలీ విన్నదానిలో ఆ సంగతి ఉంది. విన్నాక ఆయన ఏమన్నాడు? మీ గురించి జనం చెప్పుకుంటున్న మాటలు మంచివి కావు అన్నాడు. జనాన్ని కూడా తప్పు దారి పట్టిస్తున్నారన్నాడు. దేవుడికి చేసిన తప్పు గురించి హెచ్చరించాడు. ఒక్క స్త్రీని పిలిచి అడిగినట్టు లేదు. లాక్కున్న మాంసం సంగతి ఎత్తలేదు. రేపటి నుంచి మీరు ఈ గుమ్మం తొక్కవద్దు అన్న మాట అంతకన్నా లేదు. మందలింపు ముగిసిన మర్నాడు షిలోహులో ఏదైనా మారిందా, మామయ్యా?

మామయ్య: మారలేదు. కానీ ఆయన మనసు ఎలాంటిదో చూడకుండా ఆయన్ను తూచకు. హన్నా సంగతి గుర్తు తెచ్చుకో. పిల్లలు లేని ఆ తల్లి పెదవులు మాత్రం కదిలిస్తూ ప్రార్థన చేస్తుంటే, తాగి వచ్చిందనుకుని కసిరాడు. ఆమె వివరం చెప్పింది. వెంటనే మాట మార్చుకున్నాడు. సమాధానంగా వెళ్లు, నీ మనవి దేవుడు వింటాడని దీవించాడు. ఒక యాజకుడు, న్యాయాధిపతి, గుడి ద్వారబంధం దగ్గర పీఠం మీద కూర్చున్న మనిషి. ఎదురుగా ఏడుస్తున్న ఒక ఆడమనిషి. ఆమె చెప్పింది విని అప్పటికప్పుడు తన మాట వెనక్కి తీసుకున్నాడు. నా సేవలో అలాంటి పెద్దల్ని ఎంతమందిని చూశాననుకున్నావు?

మేనకోడలు: ఆ గుణం నేనూ గౌరవిస్తాను. అయినా ఆ రెండు దృశ్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మాట్లాడకుండా మూల నిలబడి ఏడ్చే స్త్రీని కళ్లు చికిలించి పెదవుల దాకా గమనించాడు. గమనించి, తాగుబోతు అని తేల్చి, మందు మానెయ్యమన్నాడు. విచారణ లేదు, తీర్పు ముందే వచ్చేసింది. అదే గుమ్మం దగ్గర కొడుకులు చేస్తున్నది ఆయన చూసినట్టు రాయలేదు, జనం వచ్చి చెబితే విన్నాడట. పరాయి స్త్రీ పెదవుల కదలిక కనిపించిన కళ్లకు సొంత కొడుకుల కొంకి కనిపించలేదంటే నేను నమ్మను. కఠినత్వం ఆయనలో లేక కాదు, అది బలహీనుల మీదే పనిచేసింది.

మామయ్య: హన్నా నాటికీ ఆ రోజులకీ మధ్య ఏళ్లు గడిచాయి తల్లీ. ఆమెకు సమూయేలు పుట్టాడు, పాలు మానాడు, గుడికి వచ్చాడు, ఎదిగాడు. అప్పటికి ఏలీ చాలా ముసలివాడయ్యాడని గ్రంథం చెబుతూనే ఉంది. యూదు చరిత్రకారుడు జోసీఫస్ అయితే, తండ్రి వయసు మీద పడి పదవి వదులుకున్నాడనీ, ఫీనెహాసే అప్పటికి ప్రధాన యాజకుడిగా పనిచేస్తున్నాడనీ రాశాడు. బాధ్యత చేతిలో లేని ముసలాయన్ను పట్టుకుని ఎందుకు తొలగించలేదంటావు. పైగా యాజకత్వం పుట్టుకతో వచ్చేది. అహరోను వంశంలో పుట్టినవాణ్ణి తీసేసే పద్ధతి ఆ రోజుల్లో ఎక్కడుంది?

మేనకోడలు: జోసీఫస్ మాట నిజమైతే ఏలీకి ఇంకా చిక్కు. అలాంటివాడని తెలిసీ పదవి ఎవరి చేతిలో పెట్టాడు? బైబిలు చెప్పేది అది కాదు. చనిపోయే రోజుకు కూడా ఏలీ పీఠం మీదే ఉన్నాడు. ఇశ్రాయేలుకు నలభై ఏళ్లు న్యాయం తీర్చాడని ఆయన మరణవార్తతో పాటే రాశారు.

తీసేసే పద్ధతి లేదన్నారు. లేవీయకాండము ఇరవై ఒకటో అధ్యాయం చూడండి. అహరోను సంతానంలో అవయవలోపం ఉన్నవాడు, కుంటివాడు, గుడ్డివాడు బలిపీఠం దగ్గరికి రాకూడదు. కానీ యాజకుల తిండిలో అతనికి వాటా ఉంటుంది, తినవచ్చు. అంటే ఒక యాజకుణ్ణి వంశం నుంచి వెలివేయకుండా, అన్నం తీసేయకుండా, బలిపీఠానికి మాత్రం దూరంగా ఉంచే దారి ధర్మశాస్త్రంలోనే ఉంది. ఏ పాపమూ ఎరగని కుంటివాడికి వర్తించిన నియమం హొఫ్నీకి వర్తించకూడదా? అపవిత్రతతో పరిశుద్ధమైనవాటి దగ్గరికి వచ్చే యాజకుడు దేవుని సన్నిధి నుంచి కొట్టివేయబడాలని ఆ తర్వాతి అధ్యాయమే చెబుతోంది. మాట వినని కొడుకును ఊరి గవిని దగ్గర పెద్దల ముందుకు తీసుకెళ్లమని ద్వితీయోపదేశకాండములో ఉంది. ఆ శిక్ష ఎంత భయంకరమైనదో తెలుసు, అది వేయలేదని నేను తప్పు పట్టను. ఇంట్లో కూర్చోండి, తినండి, కొంకి మాత్రం ఇక్కడ పెట్టండి అనలేకపోయాడా? అదీ అనలేదు.

మామయ్య: ఆ అధ్యాయమే తీసుకుంటే చూపు పోయిన ఏలీకే బలిపీఠం దగ్గరికి వెళ్లే అర్హత లేదు. అందుకే ఆయన గుమ్మం దగ్గరా, కొడుకులు లోపలా ఉన్నారేమో. లోపలి పని చేయడానికి ఇంకెవరున్నారు ఆయనకు?

మేనకోడలు: నారతో నేసిన ఏఫోదు అనే యాజక వస్త్రం కట్టుకుని పరిచర్య చేసే పిల్లవాడు సమూయేలు ఉన్నాడు. సొంత బిడ్డల స్థానంలో పరాయి బిడ్డను చూడగలిగే మనసు కావాలి, అంతే.

మామయ్య: ఇప్పుడు నేను చెప్పేది నెమ్మదిగా విను. ఇది వాదన కోసం చెప్పడం లేదు. ఏలీ మీద నేను కూడా వయసులో ఉన్నప్పుడు గట్టిగా ప్రసంగించినవాణ్ణే. ప్రసంగం అయ్యాక వెనక బెంచీలో ఎవరు లేవకుండా కూర్చుని ఉండేవాళ్లో తెలుసా? కొడుకు తాగుడికి బానిసైన తల్లి. కొడుకు జైల్లో ఉన్న తండ్రి. ఉపవాసాలుండి పెంచారు, మోకాళ్లు అరిగేలా ప్రార్థించారు. అయినా బిడ్డ చెయ్యి జారిపోయాడు. అలాంటివాళ్లకు ఏలీని చూపించి, మీ పెంపకమే మీ బిడ్డను చెడగొట్టింది అనడం చచ్చినవాణ్ణి చంపడమే. సమూయేలు చేతుల్లో పెరిగిన యోవేలు, అబీయా ఏమయ్యారు? బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా కూర్చుని లంచాలు తిన్నారు, న్యాయాన్ని తలకిందులు చేశారు. ఒకే ఏలీ చేతి కింద హొఫ్నీ అలా పెరిగాడు, సమూయేలు ఇలా పెరిగాడు. పెంపకంతోనే అన్నీ తేలవు. నేను ఏలీ పక్షాన మాట్లాడేది ఆ వెనక బెంచీ కోసం.

మేనకోడలు: ఈ మాటలో మీతో నాకు పేచీ లేదు. ఇంకా ముందుకు వెళతాను. హొఫ్నీ, ఫీనెహాసుల బాల్యం గురించి గ్రంథంలో ఒక్క అక్షరం లేదు. ఏలీ వాళ్లను ముద్దు చేశాడో, బెత్తంతో కొట్టాడో ఎవరికీ తెలియదు. మనకు కనిపించేటప్పటికే వాళ్లు ఎదిగిన మగవాళ్లు, యాజకులు. ఫీనెహాసుకు పెళ్లయింది. గారాబం కథ మొత్తం మనం కల్పించుకున్నదే. కాబట్టి పెంపకం కేసు కొట్టేద్దాం. వెనక బెంచీ తల్లిదండ్రులకు ఈ కథతో సంబంధం లేదని ఈ ఆదివారమే చెబుతాను. వాళ్ల కొడుకు చేతిలో వాళ్లు కొంకి పెట్టలేదు, వాణ్ణి బలిపీఠం దగ్గర నిలబెట్టలేదు.

ఏలీకి పంపిన తీర్పులో ఏముందో చూడండి. కొడుకులు తమ మీదికి శాపం తెచ్చుకుంటున్నారని ఎరిగీ వాళ్లను అడ్డుకోలేదు. సమూయేలు ద్వారా వచ్చిన నేరారోపణ సారాంశం ఇంతే. సరిగ్గా పెంచలేదని కాదు. తెలుసు, ఆపే అధికారం ఉంది, ఆపలేదు. అంతకుముందు వచ్చిన దైవజనుడు ఇంకో మాట కూడా కలిపాడు. దేవుడికంటే నీ కొడుకులను ఎక్కువగా గౌరవించావు, అర్పణల్లో మంచి భాగాలతో మీరంతా కొవ్వెక్కారు అని. ఆ మాటలో ఏలీ కూడా ఉన్నాడు. కొంకికి తగిలిన మాంసం ఆయన కంచంలోకీ వచ్చింది.

మామయ్య: చివరిది ఒప్పుకోను. ఆయన చనిపోయినప్పుడు స్థూలకాయుడని రాశారు, దాన్నీ దీన్నీ ముడిపెట్టి తొంభై ఎనిమిదేళ్ల మనిషి ఒళ్లు చూసి నేరం నిర్ణయించకు.

మేనకోడలు: ఒంటి బరువు జోలికి నేను పోను. దైవజనుడి మాట చాలు.

ఇక్కడ రాస్తున్నవాడిగా నాదొక మాట. వాళ్లిద్దరూ ఈ మలుపు దగ్గరికి వచ్చేసరికి వాదన అసలు చోటికి చేరిందనిపించింది. ఏలీకి రెండు బాధ్యతలున్నాయి. కొడుకులకు తండ్రి, జనానికి యాజకుడు, న్యాయాధిపతి. జనం ఫిర్యాదు తెచ్చింది న్యాయాధిపతి దగ్గరికి. జవాబు చెప్పింది మాత్రం తండ్రి. నా కుమారులారా అని మొదలుపెట్టి బతిమాలాడు, భయపెట్టాడు, ఇంటి సంగతిగా ముగించాడు. మోసపోయినవాళ్లు బయట నిలబడే ఉన్నారు.

మామయ్య: సరే, ఇప్పుడు నా పక్షం పూర్తిగా విను. ఆ రాత్రి సంగతి. దేవుడి వాక్కు అరుదైపోయిన రోజులు. పిల్లవాడు సమూయేలు దేవుడి నిబంధన మందసం ఉన్నచోట పడుకున్నాడు. పిలుపు వినపడితే ఏలీ పిలిచాడనుకుని పరుగెత్తుకొచ్చాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. నిద్ర పాడుచేస్తున్నావని కసరలేదు ముసలాయన. మూడోసారికి ఆయనకే అర్థమైంది, పిలుస్తున్నది దేవుడని. తనను పిలవలేదు, తన ఇంట్లో పనిచేసే పసివాణ్ణి పిలుస్తున్నాడు. ఎంత పెద్ద బోధకుడికైనా అక్కడ ఈర్ష్య పుడుతుంది. ఏలీ ఏం చేశాడు? వెళ్లి పడుకో, మళ్లీ పిలుపు వస్తే, వింటున్నాను చెప్పమని అడుగు అని నేర్పాడు. తన ఇంటిని కూల్చే మాట వినడానికి ఆ పిల్లవాడి చెవిని సిద్ధం చేసింది ఏలీయే.

తెల్లారాక పిల్లవాడు చెప్పడానికి భయపడ్డాడు. ఏదీ దాచవద్దని ఒట్టుపెట్టి మరీ చెప్పించుకున్నాడు. అంతా విన్నాక పిల్లవాడి మీద చెయ్యెత్తలేదు, గుడి నుంచి గెంటేయలేదు. ఆయన దేవుడు, ఆయనకు ఏది మంచిదనిపిస్తే అది చేయనీ అన్నాడు. ఆధ్యాత్మిక గురువుగా ఆయన ఓడిపోయాడని ఎలా అంటావు? ఇశ్రాయేలుకు సమూయేలును ఇచ్చింది ఆయనే కదా.

మేనకోడలు: ఆ రాత్రి ఏలీని చూస్తే నాకూ మనసు కరుగుతుంది, మామయ్యా. నిజం చెప్పడానికి పసివాడికి ధైర్యమిచ్చిన పెద్దమనిషి. దాన్ని నేను తగ్గించను, పిల్లలకు చెప్పేటప్పుడు ఎక్కువసేపు చెబుతాను కూడా. కానీ ఆ ఉదయం ఆయన అన్న చివరి మాట దగ్గర నేను ఆగిపోతాను. తీర్పు విన్నాక అప్పగించుకోవడం ఒక్కటే చేస్తే అది భక్తా? యోనా వెళ్లి నీనెవె పడిపోతుందంటే అన్యజనుల రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు, జనం చెడు మార్గం విడిచిపెట్టారు. ప్రవక్త నాతాను తీర్పు చెప్పాక కూడా దావీదు బిడ్డ కోసం ఏడు రోజులు నేల మీద పడి ఉపవాసమున్నాడు. ఏలీ పీఠం మీద నుంచి లేచినట్టు కూడా లేదు. కొడుకులను పిలిచి మీ పని నేటితో సరి అనడానికి ఆ ఉదయం చాలు. ఆ తర్వాత చాలా కాలమే గడిచింది. సమూయేలు ఎదిగాడు, దాను నుంచి బెయేర్షెబా దాకా అతను ప్రవక్త అని అందరికీ తెలిసింది. అంత కాలం హొఫ్నీ, ఫీనెహాసు ఆ గుడిలోనే యాజకులు. దేవుడి చిత్తం అన్న మాట వెనక ఒక మనిషి తన పని ఎగ్గొట్టిన సందర్భం అది.

మామయ్య: కఠినంగా మాట్లాడుతున్నావు.

మేనకోడలు: ముందుకు చూడండి. ఎబెనెజరు దగ్గర ఇశ్రాయేలు, ఆఫెకులో ఫిలిష్తీయులు. మొదటి రోజు దాదాపు నాలుగు వేలమంది చనిపోయారు. మందసాన్ని తెస్తే గెలుస్తామని పెద్దలు అనుకున్నారు. మందసంతో పాటు వెళ్లింది ఎవరు? ఆ ఇద్దరే. ఏలీ వద్దన్నట్టు లేదు. ఈసారి ముప్పై వేలమంది పడిపోయారు. కొడుకులిద్దరూ ఒక్క రోజునే పోయారు. మందసం శత్రువుల చేతికి చిక్కింది. ముప్పై వేల ఇళ్లలో ఏడుపు. ఏలీ ఇంట్లో నాలుగు చావులు అని మనం బాధపడతాం, సరే. ఆ ముప్పై వేలమంది తండ్రులకు ఏ ప్రసంగంలో చోటుంది?

మామయ్య: ఆయన చావు కూడా చూడు. బెన్యామీను గోత్రికుడొకడు యుద్ధభూమి నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఏలీ దారి పక్కన పీఠం మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఆయన గుండె మందసం కోసం వణికిందని రాసి ఉంది, కొడుకుల కోసం అని లేదు. సైన్యం ఓడిందన్నప్పుడు పడలేదు. కొడుకులు చచ్చారన్నప్పుడూ పడలేదు. మందసం పోయిందన్నప్పుడు వెనక్కి పడి మెడ విరిగి చనిపోయాడు. కొడుకులను దేవుడికంటే ఎక్కువగా చూశాడన్న ఆరోపణకు ఆ ముసలి గుండె చివరి క్షణంలో ఇచ్చిన జవాబు అది. నేను దాన్ని దాటి ముందుకు పోలేను.

మేనకోడలు: ఆ జవాబు నిజమే అనుకుంటాను. మందసాన్ని ప్రేమించాడు. ఆ మందసం ఎవరి చేతుల్లో బయల్దేరిందో ఆయనకు తెలుసు. అందుకే ఆ వణుకు. అంత ప్రేమ ఉన్నవాడు ఆ చేతులను పదేళ్ల ముందే ఆపి ఉండాల్సింది. కోడలు పురుడొచ్చి చనిపోతూ, మహిమ పోయిందన్న అర్థంలో బిడ్డకు ఈకాబోదు అని పేరు పెట్టి వెళ్లిపోయింది. తాతయ్య చేయని పని భారం పుట్టిన రోజే ఆ పసివాడి నెత్తిన పడింది.

మామయ్య: సమూయేలు కూడా లంచగొండి కొడుకులనే న్యాయాధిపతులుగా పెట్టాడు. ఆయనకు ఈ తీర్పు రాలేదే?

మేనకోడలు: మంచి ప్రశ్న. నేనూ దీని మీద తర్జనభర్జన పడ్డాను. సమూయేలు తప్పు చేయలేదని చెప్పను, కొడుకులకు పదవులివ్వడమే తప్పు. కానీ అక్కడ జనం ఊరుకోలేదు. ఇశ్రాయేలు పెద్దలందరూ కలిసి రామాకు వచ్చి, నువ్వు ముసలివాడివయ్యావు, నీ కొడుకులు నీ దారిలో నడవడం లేదని ముఖాన చెప్పారు. ఏలీ కాలంలో పెద్దలెవరూ అలా వచ్చినట్టు లేదు. పేరులేని ఆ ఒక్క మనిషి కాగు దగ్గర ఒంటరిగా అడిగాడు. అందుకే ఏలీ తప్పులో సంఘానికీ భాగముంది. అందరూ గుసగుసలాడారు, ఆ గుసగుసలే ఏలీ చెవిన పడ్డాయి. ఎదురుగా నిలబడి ఆపమన్నది ఎవరు?

మా కోర్టుల్లో ఒక నియమం ఉంది. తన వాళ్ల కేసు జడ్జి తాను వినకూడదు, వేరే బెంచీకి పంపాలి. జడ్జి చెడ్డవాడని కాదు, తండ్రి కాబట్టి. ఏలీ తండ్రిగా కొడుకులను ప్రేమించుకోవచ్చు, వాళ్ల కోసం ఏడవచ్చు, జైలుకు అన్నం పట్టుకెళ్లవచ్చు. న్యాయపీఠం మీద మాత్రం ఆ రోజు ఆయన కూర్చోకూడదు.

మామయ్య: తండ్రిని విడుదల చేసి యాజకుడికి శిక్ష వేశావన్నమాట. నా వరకూ ఆ ఇద్దరూ ఒకే మనిషి, అంత తేలిగ్గా విడదీయలేను. ఒకటి మాత్రం కలుపుకో. ఏలీ ఇంటి మీద పడిన శాపం నెమ్మదిగా నడిచింది. నోబులో రాజు సౌలు ఆజ్ఞ మీద దోయేగు ఒక్క రోజులో ఎనభై ఐదుగురు యాజకులను చంపాడు, వాళ్లు ఏలీ వంశంవాళ్లు. తప్పించుకున్న అబ్యాతారును చివరికి సొలొమోను యాజకత్వం నుంచి తొలగించి అనాతోతుకు పంపించాడు. షిలోహులో ఏలీ ఇంటి గురించి పలికిన మాట అలా నెరవేరిందని రాజుల గ్రంథంలో రాసి ఉంది. ఆ అనాతోతులోనే, యాజకుల మధ్య, యిర్మీయా పుట్టాడు. యెరూషలేము గుడి గుమ్మంలో నిలబడి, షిలోహుకు పోయి నేను దానికి ఏం చేశానో చూడండని దేవుడి మాట చెప్పింది అతనే. 1981–84 మధ్య పురావస్తు శాస్త్రవేత్త ఫింకెల్‌స్టైన్ బృందం షిలోహు దిబ్బను తవ్వినప్పుడు క్రీస్తుకు పూర్వం 11వ శతాబ్దం నాటి ఊరు నిప్పుల్లో నాశనమైన ఆనవాళ్లు దొరికాయి. వెలివేసినవాణ్ణి పంపిన ఊరి నుంచే మళ్లీ ప్రవక్తను లేపిన దేవుడు ఆయన. పిల్లలకు అదీ చెప్పు.

మేనకోడలు: చెబుతాను. పెద్దలకు ఇంకోటి చెప్పాలి. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే అది కూడా నేరమే. ఎరిగీ ఆపకపోవడం తప్పని ఏలీకి వచ్చిన తీర్పు చెప్పింది. ఇప్పుడు మన చట్టమూ అదే అంటోంది. సంఘం పరువు పోతుందని, అయ్యగారి కుటుంబమని, లోలోపల ప్రార్థనలో పెడదామని ఆగేవాళ్లు ఈ రెండూ చదవాలి.

మామయ్య: ఏలీ కోసం నేను ఏడుస్తాను, అది మానను. కానీ ఆ గుమ్మం దగ్గరి స్త్రీల కోసం నా ప్రసంగాల్లో ఎప్పుడూ ఒక్క మాట కూడా మాట్లాడలేదన్నది నిజం. నీ పాఠం నువ్వు అనుకున్నట్టే చెప్పు.

వాదన అక్కడ ఆగింది. తండ్రి కట్టిన సంఘానికి కొడుకు పాస్టరు కావడం మన స్వతంత్ర సంఘాల్లో మామూలు విషయం. అందులో తప్పు లేదు, యాజకత్వం అలా వచ్చిన రోజులూ ఉన్నాయి. సంఘ పెద్దలకు నా విన్నపం ఇది. అయ్యగారి కొడుకు మీదో, తమ్ముడి మీదో, అల్లుడి మీదో ఫిర్యాదు వస్తే, విచారణ అయ్యేదాకా అతణ్ణి వేదిక ఎక్కనివ్వకండి. ఆ విచారణలో అయ్యగారిని కూర్చోబెట్టకండి. ఫిర్యాదు తెచ్చిన మనిషిని ముందు వినండి, ఆ వినేవాళ్లలో స్త్రీలు ఉండేలా చూడండి. నేరమైతే పోలీస్ స్టేషనుకు మీరే తోడు వెళ్లండి.